చెక్‌లిస్టు నాది, ఫోన్లు అక్కవి: అప్రైజల్ ఫారంలో ఏం రాయాలి?

ఈసారి ఉత్తరం ఉప్పల్ నుంచి వచ్చింది. తన పేరూ, పనిచేసే ఆస్పత్రి పేరూ బయటపెట్టవద్దని రాసినావిడ కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను.

ఆవిడకు 34 ఏళ్లు. సొంతూరు జనగామ దగ్గర. ఇంటర్ దాకా తెలుగు మీడియం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి, బేగంపేట వైపు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ డెస్కు మీద పనిచేస్తున్నారు. క్యాష్‌లెస్ కేసులకు ముందస్తు అనుమతి తెప్పించడం, బీమా కంపెనీలు వేసే క్వెరీలకు కాగితాలు పంపడం, డిశ్చార్జి రోజు ఫైలు కదిలించడం ఆవిడ పని. ఆ డెస్కుకు ఇన్‌చార్జిగా 48 ఏళ్ల సీనియర్ ఉన్నారు. ఈవిడకు పని నేర్పింది ఆవిడే. అక్కా అని పిలుస్తారు. ఇద్దరూ మెట్రోలో కలిసే వెళ్తారు. ఈవిడ ఉప్పల్‌లో ఎక్కి సీటు పట్టి ఉంచితే, అక్క హబ్సిగూడలో ఎక్కేవారు.

ఈ ఏడాది అప్రైజల్ ఫారంలో మీ బలాలేమిటి, మీరు సాధించిందేమిటి అని ఇంగ్లీషులో అడిగారు. ఈవిడ తనకు వచ్చిన ఇంగ్లీషులో ‘నాకు ఓపిక ఉంది, నిజాయితీగా ఉంటాను, క్లెయిముల రిజెక్షన్లు తగ్గాయి’ అని రాసుకున్నారు. ఇది మరీ చిన్నపిల్లల రాతలా ఉంది వదినా అంటూ మరిది దాన్ని ఫోన్‌లో ఏదో ఏఐ యాప్‌కి ఇచ్చారు. అది తిరగరాసి ఇచ్చిన వాక్యం ఇలా ఉంది: ‘ఐ లే క్లెయిమ్ టు పేషెన్స్, ఇంటెగ్రిటీ అండ్ ఎ మార్క్‌డ్ రిడక్షన్ ఇన్ రిజెక్షన్స్.’ ‘చదివితే బాగుందనిపించింది, పెట్టేశాను’ అని ఉత్తరంలో రాశారు.

రెండు రోజులకు ఆపరేషన్స్ మేడమ్ నుంచి మెయిల్ వచ్చింది. ‘యూ లే క్లెయిమ్ టు ఎ లాట్. ప్లీజ్ సబ్‌స్టాన్షియేట్.’ ఇన్‌చార్జి కాబట్టి అక్కకు కూడా కాపీ పెట్టారు, కింద ఫారం జత చేసి. మర్నాడు హబ్సిగూడలో అక్క వేరే కోచ్ ఎక్కారు. మధ్యాహ్నం ఫార్మసీ వాళ్లతో కూర్చుని తింటున్నారు. ఒకరోజు అందరూ వింటుండగా ‘క్లెయిములు వేసేటోళ్లను వేసుకోనీ’ అన్నారట.

పెద్ద పెద్ద మాటలు నీకెందుకు, ఇంగ్లీషు కోచింగ్‌లో చేరు అంటున్నారు భర్త. వాక్యంలో తప్పు లేదు, వాళ్లకే ఇంగ్లీషు రాదు అంటున్నాడు మరిది. ఈవిడకేమో మెయిల్ టైప్ చేయాలంటేనే వేళ్లు వణుకుతున్నాయి. రోజూ పంపే నాలుగు లైన్ల జవాబు కూడా పక్కసీటు అమ్మాయికి చూపించి పంపుతున్నారు. ఉత్తరం చివర, సంతకానికి పైన ఇంకో మాట ఉంది. ‘రిజెక్షన్లు తగ్గించిన చెక్‌లిస్టు తయారు చేసింది నేనే. పోయిన ఏడాది రివ్యూ మీటింగులో అక్క దాన్ని మన డెస్కు చెక్‌లిస్టు అని చూపించింది. అది వేరే సంగతి అనుకోండి.’

ఆవిడ అడిగినవి మూడు. నేను రాసింది తప్పు ఇంగ్లీషా? మేడమ్ వెటకారం చేశారా? అక్క కాళ్లు పట్టుకోవాలా, ఉద్యోగం మానుకోవాలా, నోరు మూసుకుని ఊరుకోవాలా?

జవాబు:

అమ్మా, మీరు నిద్ర పాడు చేసుకుంటున్నది ఇంగ్లీషు గురించి కాబట్టి ముందు దాన్ని తేల్చేద్దాం. మీ వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. అంతవరకూ మీ మరిది మాట నిజం. ‘లే క్లెయిమ్ టు’ అంటే ఫలానాది నాది, లేదా ఫలానా గుణం నాకుంది అని చెప్పుకోవడం. కాకపోతే ఇది వంటింట్లోనో క్యాంటీన్‌లోనో వినబడే మాట కాదు. కోర్టు తీర్పుల్లో, చరిత్ర పుస్తకాల్లో, పత్రికల సంపాదకీయాల్లో కనబడుతుంది.

మన ఊరి కథే ఒకటి చెబుతాను. 1948 సెప్టెంబరులో, హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజుల్లో, నిజాం ప్రభుత్వానికి లండన్ బ్యాంకులో ఉన్న సుమారు 10 లక్షల పౌండ్లు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ పేరిట ఉన్న ఖాతాలోకి మారాయి. ఆ డబ్బు వెనక్కి కావాలని నిజాం అడిగారు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టింది. పాకిస్తాన్ మాదంది, భారత్ మాదంది, నిజాం వారసులూ మాదన్నారు. చివరికి 2019 అక్టోబరులో లండన్ హైకోర్టు భారత్‌కూ, నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి ఆ సొమ్ము వడ్డీలతో సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు అయింది. ఇన్నేళ్లూ వీళ్లంతా చేసిన పనిని ఇంగ్లీషులో ‘లెయిడ్ క్లెయిమ్ టు ది మనీ’ అంటారు. ఎవరి మాట నిజమో ఆ మాటలో లేదు. నాది అని గట్టిగా చెప్పడం వరకే అందులో ఉంది, తేల్చేది ఇంకెవరో.

అదే మాటకు ముందు ‘కెన్’ చేరిస్తే రంగు మారుతుంది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ‘ఉస్మానియా కెన్ లే క్లెయిమ్ టు బీయింగ్ ది ఫస్ట్ ఉర్దూ-మీడియం యూనివర్సిటీ’ అని ఎవరైనా రాస్తే అది పొగడ్తే. అలా చెప్పుకునే అర్హత దానికుంది అని రాసేవాడు ఒప్పుకుంటున్నాడన్నమాట. ఇక్కడ పొగుడుతున్నది వేరేవాళ్లు, ఉస్మానియా కాదు.

తన గుణం గురించి తానే చెప్పుకునేటప్పుడు ఇంగ్లీషు రాసేవాళ్లు దీన్ని ఎక్కువగా లేదు అనే రూపంలోనే వాడతారు. ‘ఐ లే నో క్లెయిమ్ టు స్కాలర్‌షిప్’ అంటే నేను పండితుణ్ణి కాను బాబూ అని ముందే వినయంగా చెప్పుకోవడం. దాన్నే తిప్పి నాకు ఓపిక ఉందని ప్రకటిస్తున్నాను, నిజాయితీ ఉందని ప్రకటిస్తున్నాను అంటే వినడానికి బిరుసుగా ఉంటుంది. తప్పు కాదు. పెళ్లికి వెళ్లి మైకు పట్టుకుని నేను మంచివాణ్ణి అన్నట్టుంటుంది, అంతే. ఆ యాప్‌కు మీ ఆస్పత్రీ తెలియదు, మీ మేడమ్ ఎలాంటి మనిషో తెలియదు. చిన్న మాట కనబడితే పెద్ద మాట పెట్టింది.

ఎప్పుడైనా వాడాల్సి వస్తే గుర్తుంటుందని ఇంకో మూడు సంగతులు. గడిచిపోయిన పనికి ‘లెయిడ్’ అనాలి. మధ్యలో ‘ఎ’ పెట్టి ‘లే ఎ క్లెయిమ్’ అనకూడదు. ‘టు’ తర్వాత క్రియ వస్తే ‘టు బీ’ కాదు, ‘టు బీయింగ్’. వ్యాకరణం పాఠం ఇంతటితో చాలు.

మీకు ఆ మాటలో తేడా వినబడకపోవడానికి ఒక కారణం ఉందని నా అనుమానం. క్లెయిమ్ అనేది మీ చేతుల్లో రోజూ నలిగే మాట. దానికి నంబరుంటుంది, ఫైలుంటుంది, సెటిల్‌మెంటుంటుంది. మీ డెస్కు మీద అదొక కాగితం పేరు. బయట ఇంగ్లీషు చదివేవాళ్ల చెవికి మాత్రం అందులో ‘అని వీళ్లంటున్నారు, నిజమో కాదో’ అనే ధ్వని కొంచెం ఉంటుంది. పేపర్లో ఒక నాయకుడు ‘క్లెయిమ్డ్’ అని రాశారంటే, ఆ మాటకు పూచీ విలేకరి తీసుకోవడం లేదనే అర్థం.

ఇక మేడమ్ మెయిల్. వెటకారం ఉందా అంటే, మొదటి వాక్యంలో ఉంది. మీ మాటనే మీకు తిప్పి ఇచ్చి, పైన ‘ఎ లాట్’ తగిలించారు. పిలిచి అడిగితే సరిపోయేదాన్ని మీ పైమనిషికి కాపీ పెట్టి రాయడం నాకూ నచ్చలేదు. కానీ రెండో వాక్యం చూడండి. సబ్‌స్టాన్షియేట్ అంటే ఆధారాలు చూపించండి అని. ఫైలు పంపితే బీమా కంపెనీ డిశ్చార్జి సమ్మరీ ఏది, రిపోర్టు ఏది అని రాస్తుంది కదా. అప్పుడు మీరు ఏడుస్తూ కూర్చోరు, కాగితాలు జత చేసి తిప్పి పంపుతారు. క్వెరీకీ రిజెక్షన్‌కీ తేడా మీకంటే బాగా ఈ ఊళ్లో ఎవరికి తెలుసు? మేడమ్ పంపింది క్వెరీ. దానికి మీరింకా జవాబివ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం ఇంగ్లీషు గురించే ఉంది. అక్క గురించి కొంచెం ఉంది. ఆ చెక్‌లిస్టు మాట చివర్లో, వేరే సంగతి అనే ముసుగేసుకుని వచ్చింది. అది వేరే సంగతి కాదని నాకనిపిస్తోంది.

మీ వాక్యంలో మూడు ఉన్నాయి: ఓపిక, నిజాయితీ, రిజెక్షన్లు తగ్గడం. ఓపికా నిజాయితీ మీకున్నాయని రాసుకుంటే అక్కకు పోయేదేమీ లేదు, మహా అయితే నవ్వుకుంటుంది. మూడోది అలా కాదు. అది అంకెల్లో కనబడే ఫలితం, దాని మీద ఒకరికంటే ఎక్కువ మంది చేతులున్నాయి. మీరు మొదట రాసుకున్న వాక్యంలో రిజెక్షన్లు తగ్గాయి అని మాత్రమే ఉంది. ఎవరు తగ్గించారో లేదు. యాప్ తిరగరాశాక అది మీ ఒక్కరి పని అయిపోయింది. లండన్ బ్యాంకు డబ్బు గురించి చెప్పిన అర్థమే ఇక్కడా పనిచేసింది: ఇది నాది. కాబట్టి అక్క ఆ వాక్యాన్ని తప్పుగా చదవలేదు. ఉన్నది ఉన్నట్టే చదివింది. నా ఉద్దేశం అది కాదక్కా, నీకు సరిగ్గా అర్థం కాలేదు అని మాత్రం ఆవిడతో అనకండి.

పైగా ఇది మనసు నొచ్చుకోవడం ఒక్కటే కాదు. ఆవిడ ఫారం కూడా అదే వారంలో వెళ్లి ఉంటుంది. అందులో ఆవిడ ‘మా డెస్కు తగ్గించింది’ అని రాసి, మీది ‘నేను తగ్గించాను’ అని ఉంటే, పైవాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చదువుతారు. ఇన్‌చార్జి ఏం చేసినట్టు మరి అన్న ప్రశ్న వస్తుంది. ఇంక్రిమెంటు దాని మీదే ఆధారపడుతుంది. 48 ఏళ్ల వయసులో, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో, తాను పని నేర్పిన అమ్మాయి రాతతో ఆ ప్రశ్న వస్తే ఎవరైనా వేరే కోచ్ ఎక్కుతారు.

అలాగని తప్పంతా మీదేననడం లేదు. చదివితే బాగుందనిపించింది అని రాశారు. ఎందుకు బాగుందనిపించిందో కాసేపు ఆలోచించండి. ఇంగ్లీషు గంభీరంగా ఉన్నందుకేనా? చెక్‌లిస్టు మీది. ఆధార్‌లో పేరు, పాలసీలో పేరు ఒకటేనా, డాక్టర్ సంతకం కింద స్టాంపు పడిందా, కేస్ షీట్ కాపీ ఉందా అని ఫైలు పంపేముందే చూసే పద్ధతి మీరు పెట్టారు. మీటింగులో అది ‘మన’ చెక్‌లిస్టు అయింది. ఏడాదిగా మీరు ఎవరితోనూ అనని మాటను ఆ యాప్ మీ తరఫున అనేసింది. అందుకే బాగుందనిపించి ఉంటుందని నా ఊహ. తప్పయితే వదిలేయండి. నిజమైతే మాత్రం, మీరు చేయబోయే పనిలో మీ వాటాను కూడా మర్చిపోకూడదు.

మీ ముందు నాలుగు దారులు కనబడుతున్నాయి.

ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. వట్టి ఇంగ్లీషు నగుబాటే అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి, వారం పోతే అందరూ మర్చిపోతారు. ఇక్కడ ఊరుకుంటే మేడమ్ అడిగిన ఆధారం ఇవ్వలేకపోయారని ఫైల్లో ఉండిపోతుంది. అక్క విషయంలో మీ మౌనాన్ని ఆవిడ పొగరు అనుకుంటుంది. అవును, కావాలనే రాశాను అన్నట్టు వినబడుతుంది.

రెండోది, మీకు ఇప్పుడు బాగా తోస్తున్న దారి: అంతా అక్కే చేసింది, నాదేం లేదు అని మేడమ్‌కు రాసేయడం. కాళ్లు పట్టుకోవడం అంటే ఆఫీసులో ఇదే. అక్క ఆ పూటకు మెత్తబడవచ్చు. కానీ అది అబద్ధం. ఒకే నెలలో ఒకసారి అంతా నాదే అనీ, ఇంకోసారి ఏమీ నాది కాదనీ రాస్తే మేడమ్ రెండింటిలో దేన్నీ నమ్మరు. మీరు నిజాయితీ అని కూడా రాశారు, గుర్తుందిగా. పైగా వచ్చే ఏడాది చెక్‌లిస్టు మళ్లీ మన చెక్‌లిస్టే అవుతుంది, ఆ మంట మీ కడుపులో అలాగే ఉంటుంది.

మూడోది, పోరాడటం. చెక్‌లిస్టు ఫైలు ఎవరు, ఏ తేదీన తయారు చేశారో కంప్యూటర్లో ఉంటుంది, పాత మెయిళ్లుంటాయి. అవన్నీ జతచేసి చూడండి నాదే అని పంపవచ్చు. చెక్‌లిస్టు వరకు గెలుస్తారు కూడా. కానీ ఆగిపోయిన ఫైళ్ల కోసం టీపీఏ ఆఫీసులకు, అంటే బీమా కంపెనీల తరఫున క్లెయిములు చూసే సంస్థలకు, రోజుకు అన్నిసార్లు ఫోన్లు చేసి, బతిమాలి, కసురుకుని కదిలించింది అక్క అని మీరే రాశారు. ఆవిడా తన లెక్క తీస్తుంది. ఆ తర్వాత ఒకే డెస్కు మీద రోజుకు తొమ్మిది గంటలు మీరిద్దరూ కూర్చోవాలి. ఉద్యోగం మారే ఉద్దేశం ఉన్నవాళ్లకు ఈ దారి కుదురుతుందేమో. ఆ పాత మెయిళ్లు మాత్రం చెరిపేయకండి, ఎప్పుడైనా అవసరం పడొచ్చు.

నాలుగోది ఎవరి వాటా వాళ్లకు రాయడం. నా మొగ్గు దీనివైపు. అయితే అక్క స్వభావం మీకు తెలిసినంత నాకు తెలియదు కాబట్టి నిర్ణయం మీదే. ఇందులో వరస ముఖ్యం: ముందు అక్కతో మాట, ఆ తర్వాతే మేడమ్‌కు మెయిల్. తిరగేసి చేస్తే, అక్క కాపీలో చూసి ఇది మేడమ్ కోసం చేసిందే, నా కోసం కాదు అనుకుంటుంది.

అక్కతో మాట వాట్సాప్‌లో వద్దు, డెస్కు దగ్గర వద్దు. కిక్కిరిసిన మెట్రోలో అసలే వద్దు, పక్కావిడ ఫోను పక్కన పెట్టి మరీ వింటుంది. బేగంపేటలో దిగాక ఆస్పత్రి దాకా ఇద్దరూ నడిచే దారి ఒకటే కదా, అది చాలు. స్వీటు బాక్సు పట్టుకెళ్లకండి, అది లంచంలా ఉంటుంది. మాట చిన్నదిగా ఉంటే మంచిది. మీ ఇద్దరి మధ్య నడిచే భాషలోనే, ‘అక్కా, ఫారంలో ఆ లైను నా ఒక్కదాని పేరు మీద పోవుడు తప్పు. చెక్‌లిస్టు నేను చేసిన, ఫోన్లన్నీ నువ్వు చేసినవ్. ఇద్దరిదీ రాసి మేడమ్‌కు మళ్ల పంపిస్త, పంపే ముందు నువ్వు ఒకసారి చూడు’ అంటే సరిపోతుంది. మరిది చేశాడు, యాప్ రాసింది, నాకు ఇంగ్లీషు రాదు కదక్కా, ఈ మూడూ వద్దు. నిజమే కావచ్చు, కానీ వినేవాళ్లకు సాకుల్లా వినబడతాయి. ఫారం కింద ఉన్నది మీ సంతకం.

ఆవిడ వెంటనే కరిగిపోతుందని అనుకోకండి. ‘నీ ఇష్టం, ఏమన్న రాసుకో’ అని ముందుకు నడిచి వెళ్లిపోవచ్చు. అప్పుడు కూడా ఆ మెయిల్ పంపండి, ఆవిడ వాటాతో సహా. ఆవిడ మాట్లాడినా మాట్లాడకపోయినా వాటా మారదు కదా.

పోయిన ఏడాది మీటింగు ప్రస్తావన మాత్రం అదే ఊపులో తేవద్దు. తెస్తే మీరు చెప్పిన మాట బేరంలా మారిపోతుంది. ఆవిడే ఆగి, ఎందుకట్ల రాసినవ్ అని అడిగితే అప్పుడు దాచకండి. చెక్‌లిస్టు చూపించిన రోజు నా పేరు కూడా చెప్తవనుకున్న అక్కా అనండి. అడగకపోతే కొన్ని వారాలు పోనిచ్చి, వచ్చే రివ్యూలో చెక్‌లిస్టు నేను చూపిస్తానని మామూలుగా అడగండి. ఆవిడ మన చెక్‌లిస్టు అన్నది దొంగబుద్ధితో కాకపోవచ్చు. ఇన్‌చార్జిలు చాలామంది డెస్కులో జరిగేదంతా మనదే అంటారు, అందులో తమ ఫోన్లను కూడా కలిపేసుకుంటారు. అడిగితే తెలుస్తుంది.

ఇక మేడమ్‌కు జవాబు. కొత్త ఇంగ్లీషు వెతకవద్దు, మీరు రోజూ టీపీఏలకు రాసే ఇంగ్లీషు చాలు. చెక్‌లిస్టు ఏ నెలలో మొదలుపెట్టారు, దానికి ముందు నెలకు ఎన్ని ఫైళ్లు తిరిగొచ్చేవి, ఇప్పుడెన్ని వస్తున్నాయి, రిజిస్టరులో ఉన్న అంకెలు ఉన్నట్టుగా. ‘ఐ ప్రిపేర్డ్ ది చెక్‌లిస్ట్’ ఒక వాక్యం. అక్క పేరు రాసి, టీపీఏ ఫాలో-అప్ అంతా ఆవిడ చేశారని ఇంకో వాక్యం. ముందు ఫారంలో ఈ వివరం రాలేదు, దీన్ని సరిచేసినదిగా తీసుకోండి అని ఒకటి. డేటా ఎంట్రీ చేసే పిల్లలెవరైనా ఉంటే వాళ్ల పేరు కూడా. దీనివల్ల మీ రేటింగు ఒక మెట్టు తగ్గే అవకాశం లేకపోలేదు, ముందే చెబుతున్నాను. ఒక్కరే సాధించారన్నదానికీ ఇద్దరు సాధించారన్నదానికీ మార్కులు వేరుగా వేసే ఆఫీసులున్నాయి.

ఓపిక, నిజాయితీ అనే రెండు మాటలూ తీసేయండి. వాటి బదులు జరిగింది రాయండి. బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం క్యాష్‌లెస్ ముందస్తు అనుమతి సంగతి బీమా కంపెనీ గంటలో తేల్చాలి, డిశ్చార్జికి తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆ గడువులు కంపెనీకే. కానీ ఆ మూడు గంటలూ పేషెంటు కొడుకు అరిచేది మీ కౌంటరు ముందు. అలాంటి రోజు ఏం జరిగిందో, ఎలా సర్ది పంపారో, పేషెంటు పేరు లేకుండా రెండు లైన్లు రాస్తే మేడమ్‌కు ఓపిక అనే మాట అక్కర్లేదు. బిల్లులో లేని టెస్టు కలిసిపోతే పట్టుకుని తీయించారని ఉత్తరంలో ఒకచోట రాశారు. నిజాయితీ కింద అది రాయండి.

భర్త చెప్పిన కోచింగ్ గురించి ఒక మాట. మీ రైలు రోజూ తార్నాక మీదుగానే పోతుంది. ఇంగ్లీషు బోధన కోసం 1958లో పెట్టిన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ), ఆ దగ్గర్లోనే ఉంది. నేర్చుకోవాలని ఉంటే ఈ ఊళ్లో చోట్లకు కొదవ లేదు, సరదాగా నేర్చుకోండి. శిక్ష అనుకుని మాత్రం చేరకండి. బీమా కంపెనీల క్వెరీలకు ఇన్నేళ్లుగా ఇంగ్లీషులో జవాబులు రాసి ఫైళ్లు పాస్ చేయించిన మనిషికి ఇంగ్లీషు రాదని ఎలా అంటాం? పక్కసీటు అమ్మాయికి చూపించి పంపడం ఈ వారంతో ఆపేయండి. మేడమ్‌కు రాసే జవాబు మాత్రం, పంపేముందు ఒక్కరికే చూపించండి, అక్కకు. ఉద్యోగం మానుకోవడం గురించి అయితే ఈ అప్రైజల్ నెల గడిచి, మేడమ్ నుంచి జవాబు వచ్చాక ఆలోచించవచ్చు. ఇప్పుడు మానేస్తే ఆ మొదటి ఫారమే మీ ఫైల్లో ఆఖరి కాగితం అవుతుంది.